బుగ్గన వక్క

ఏళ్లుగా నా గొంతులో ఒక మాట అడ్డుపడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను హేతువాదిని. బాబాల మీద, తాయెత్తుల మీద రాస్తూనే జుట్టు నెరిసింది. ‘మనోభావాలు దెబ్బతిన్నాయి’ అని ఎవరన్నా నాకు ఒళ్లు మండేది. వాదించడం చేతకానివాళ్లు దాక్కునే కలుగు అది అని ఎన్ని వేదికల మీద అరిచానో!

మురళి నా స్నేహితుడు. ఇద్దరం దేశ రాజధానిలో ఒకే కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో చేరాం. నగరం శివార్లలో నేను వైశాలిలో, వాడు పక్కనే ఇందిరాపురంలో ఇళ్లు తీసుకున్నాం. నేను వ్యాసాలు రాస్తుంటే వాడు సెలవు పెట్టి మరీ ఒక సినిమా తీశాడు. ఇద్దరు మోసగాళ్ల కథ. ఫరీదాబాద్‌లో ఫ్యాక్టరీ మూతపడి రోడ్డున పడ్డ ఇద్దరిలో ఒకడు బాబా అవుతాడు, రెండోవాడు శిష్యుడు. శిష్యుడు బుగ్గన వక్క పెట్టుకుని, గొంతు మార్చి, భక్తుల ఇళ్లకు ఫోన్ చేసి వాళ్ల సంగతులన్నీ లాగుతాడు. మర్నాడు బాబా అవే సంగతులు దివ్యదృష్టితో చెబుతాడు.

బయట వేయకముందే తన ఇంట్లో మాకు చూపించాడు. నా భార్య కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఇంటికొచ్చి, నేను ఎన్నేళ్లు వాదించినా వదలని తాయెత్తును తనే విప్పి చెత్తబుట్టలో పడేసింది.

“మీరు చెబితే కోపం వచ్చేదండీ. మురళి అన్నయ్య చెబితే నవ్వొచ్చింది” అంది.

నేను సంతోషించాలి కదా? కోరుకున్నదే కదా జరిగింది? కానీ నా వ్యాసాలన్నీ కలిసి చేయలేనిది ఒక వక్కముక్క చేసింది. అది నేను కనిపెట్టిన వక్క కాదు.

మా తెలుగు సంఘం హాల్లో ప్రదర్శన పెట్టుకున్నారు. సినిమాలు కొనే ఒకాయన హైదరాబాద్ నుంచి చూడటానికి వస్తానన్నాడు. ఆయనకు నచ్చితే మురళి సినిమా థియేటర్లకెక్కుతుంది. అంతకుముందు రోజు మధ్యాహ్నం, మా మెట్రో స్టేషన్ కింద పాన్ షాపులో వక్క కొన్నాను. “భయ్యా, ఏక్ కాల్” అని అతని ఫోనే అడిగి తీసుకున్నాను. వక్క బుగ్గన పెట్టుకుని సంఘం కార్యదర్శికి ఫోన్ చేశాను.

“భక్తులమండీ. ఆ సినిమా వేస్తే మా మనోభావాలు దెబ్బతింటాయి. హాలు ముందు బైఠాయిస్తాం.”

ఆ మాట నా నోటినుంచి ఎంత సులువుగా వచ్చిందో! కార్యదర్శి భయస్తుడు. ప్రదర్శన రద్దు చేశాడు. గొడవల సినిమా మనకొద్దని హైదరాబాద్ ఆయన ప్రయాణం మానుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే మురళి మా ఇంటికొచ్చాడు.

“నువ్వు రాయాల్రా. కడిగిపారెయ్. నీకంటే గట్టిగా ఎవడు రాస్తాడు?”

“రాస్తాలే. ఇంతకీ ఎవర్రా ఆ ఫోన్ చేసింది?”

“ఎవడో. నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టుందట. అచ్చం మన శిష్యుడే!”

నవ్వబోయి ఆగాడు. నటించినవాళ్లు కాక అప్పటికి ఆ సినిమా చూసింది వాడింట్లోవాళ్లు, మా ఇంట్లోవాళ్లు మాత్రమే. వాడు నా వంక చూశాడు. నేను గట్టిగా నవ్వాను.

“టీ తాగుతావా?” అన్నాను.

“వద్దులే, ఆఫీసుకి ఆలస్యమవుతోంది” అని లేచాడు.

వ్యాసం రాశాను. పేరు చెప్పుకోలేని పిరికిపందల మీద నిప్పులు కురిపించాను. అంత మంచి వ్యాసం నేను మళ్లీ రాయలేదు. ఎందుకు అంత బాగా వచ్చింది? ఆ పిరికిపందను అంత దగ్గరగా ఇంకెవరు చూశారు? ఇప్పటికీ సభల్లో నన్ను పరిచయం చేసేటప్పుడు దాని గురించే చెబుతారు. నేను లేచి దండం పెడతాను.

సినిమా ఎక్కడా ఆడలేదు. మురళి ఇంకొకటి తీయలేదు. ఆఫీసులోనో మెట్రోలోనో ఎదురైతే పలకరిస్తాడు గానీ సినిమా ఊసెత్తడు. “అన్నయ్య సినిమా ఎప్పుడొస్తుందండీ?” అని నా భార్య మాత్రం కొన్నాళ్లు అడిగింది.

నాకు నేను చెప్పుకున్న కారణాలకు లోటు లేదు. హాస్యం సమస్యను పలచన చేస్తుందని, జనం మోసగాళ్లను ప్రేమించి మోసాన్ని మరిచిపోతారని, ఇలా ఎన్నో పదునైన వాదనలు. ఎదుటివాడెవడైనా అవే తెస్తే, నిమిషంలో వాటి వెనక ఉన్న అసూయను బయటికి లాగి నలుగురిలో నిలబెట్టేవాణ్ణి. నా విషయంలో అంత చిన్న పని చేయడానికి ఇన్నేళ్లు పట్టింది.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది ఇందిరాపురంలో ఉన్నవాణ్ణి. వాడి గుమ్మం ఎక్కే ధైర్యం ఇంకా రాలేదు. వస్తుందని మాటివ్వలేను కూడా.

ఫోన్ చేసిన ఆ భక్తుణ్ణి నేనే. ఈ ఒక్క మాట, బుగ్గన వక్క లేకుండా చెబుతున్నాను.