కెజయా నది దాటిన రోజు

సెయింట్ లూయిస్ రేవు వెనక పెరట్లో నేనూ కెజయా పక్కపక్క తొట్లలో బట్టలుతికేవాళ్లం. నాకు బానిసను కానన్న స్వేచ్ఛాపత్రం ఉంది. ఆమెకు కోర్టులో కేసు ఉంది.

హాల్‌బర్ట్ దొరసాని ఆమె యజమానురాలు. కెజయాను బానిసత్వం చెల్లని ఇల్లినాయికి తీసుకెళ్లి, కొన్నేళ్లు వంట చేయించుకుని, తిరిగి బానిసత్వం చెల్లే మా మిస్సోరీకి తెచ్చింది. "స్వేచ్ఛ ఉన్న నేల మీద బతికొచ్చాను. మళ్లీ బానిసనెలా అవుతానే డోర్కస్?" అనేది కెజయా. మా కోర్టులు ఒకప్పుడు ఆ మాట ఒప్పుకునేవి, తర్వాత మాట మార్చాయి. స్కాట్ అనే మా నల్లవాడొకాయన అదే వాదంతో వాషింగ్టన్ పెద్దకోర్టుకెక్కాడు. అక్కడేమవుతుందోనని కెజయా కేసును ఆపారు. ఆ రోజుల్లో ఆమె కూర్చుని తినేది కాదు. నిలబడ్డచోట నిలబడేది కాదు.

మార్చిలో తీర్పొచ్చింది. మంగలి షాపులో పేపరు చదివించుకున్నాం. బానిసలైనా కాకపోయినా నల్లవాళ్లు ఈ దేశ పౌరులు కారట. పెద్దకోర్టు గడప తొక్కే హక్కే లేదట.

"అయితే నా కాగితం కూడా చిత్తేనా అక్కా?" అన్నాను.

కెజయా పెరట్లోకొచ్చి, ఎప్పుడో నీళ్లు కారిపోయిన దుప్పటిని పిండుతూనే ఉంది. ఆ వారమే లాయరు చేతులెత్తేశాడు. మర్నాడు దొరసాని స్వయంగా వచ్చింది.

"కోర్టుకెక్కావుగా, ఇక దిగు! సోమవారం న్యూ ఆర్లియన్స్ నుంచి బానిసల వ్యాపారి వస్తాడు. కాస్త శుభ్రంగా కనపడు."

దొరసాని బండి వీధి మలుపు తిరిగిందో లేదో, కెజయా పెద్ద బుట్టలో ఇస్త్రీ చొక్కాలు పేర్చడం మొదలుపెట్టింది.

"ఎవరివక్కా అవి?"

"ఎవరివైతేనేం? అటు పక్క పట్టు."

పట్టపగలే రేవుకు నడిచాం. పడవ దగ్గర కాపలావాడు అడ్డొచ్చాడు.

"ఎక్కడికి?"

"అవతలి ఒడ్డున కెప్టెన్ గారికి," అంది కెజయా. "బుట్ట విప్పి చూస్తావా? చూడు. నలిగితే మాత్రం ఆయనకు నువ్వే చెప్పుకోవాలి. తిట్లు తినే ఓపిక నాకు లేదు."

వాడు నా పత్రం చూశాడు. ఆమెను పైకీ కిందకీ చూశాడు.

"దీనిదేదీ?"

"నా పనిమనిషండీ," అనేశాను. ఎలా వచ్చిందో ఆ మాట! వాడు పగలబడి నవ్వి, "నీక్కూడా పనిమనిషా!" అంటూ వదిలేశాడు.

అవతలి ఇల్లినాయి ఒడ్డు చేరినా ఆమె అక్కడ ఆగడానికి లేదు. పారిపోయినవాళ్లను అక్కడా పట్టి అప్పగించే చట్టముంది. "పనిమనిషినా? ఉండు, నీ సంగతి చెప్తా!" అని నన్ను గట్టిగా వాటేసుకుని, ఉత్తరం వైపు వెళ్లిపోయింది. చొక్కాలు నేనే వెనక్కి మోశాను.

ఆ చట్టం చెల్లని కెనడాలోని చాటమ్‌లో ఇల్లిల్లూ మారుతూ బతికిందట. అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం పోయాక ఒక మధ్యాహ్నం మా పెరట్లోకి వచ్చింది, జుట్టంతా నెరిసి. మమ్మల్నందరినీ పౌరులుగా ఒప్పుకుంటూ కొత్త చట్టం వచ్చిందని పాస్టరు చెప్పాడని చెప్పాను.

"మంచిది," అంది. "మళ్లీ ఏ కోర్టు కాదంటుందో."

కుర్చీ వేస్తే కూర్చోలేదు. మొక్కజొన్న రొట్టె చేతిలో పట్టుకుని, తింటూ, పెరడంతా తిరుగుతూనే మాట్లాడింది.