తెల్వదన్న కొడుక్కు శోకం

గుల్బర్గా జైలు నుంచి ఇశ్రాయేలు ఇబ్రహీంపట్నం తిరిగి వచ్చినప్పుడు వాడ మొత్తం వచ్చి చూసింది. చేతులు రెండూ ఉన్నాయి. కాళ్ళు ఉన్నాయి. మరి మనిషికి ఏమైందో ఎవరికీ అంతుబట్టలేదు.

అది యాభై రెండో సంవత్సరం. సాయుధ పోరాటం ఆగి కొన్ని నెలలైంది.

అతనిది డప్పు కొట్టే ఇల్లు. మిషనువాళ్ళు తండ్రికి బాప్తిస్మమిచ్చి ఇంటిల్లిపాది పేర్లూ మార్చారు గానీ గోడకు వేలాడే డప్పును మార్చలేకపోయారు. పెళ్ళికో దెబ్బ, చావుకో దెబ్బ, చాటింపుకో దెబ్బ. ఇశ్రాయేలు కొడితే సంగతేమిటో ఇంట్లో పడుకున్నవాడికీ తెలిసేది. నిజాం పాలన చివరి ఏడాది పోలీసు పటేలు అతన్ని పిలిచి, సర్కారుకు కట్టాల్సిన లెవీ ధాన్యం కొలవమని చాటింపు వేయమన్నాడు. ఇశ్రాయేలు డప్పును మంట మీద కాచుకుని ఊరంతా తిరిగాడు. "ఒక్క గింజ ఇయ్యకుండ్రి" అని చాటాడు. పొద్దు గూకేసరికి రాచకొండ గుట్టలెక్కి కమ్యూనిస్టు దళంలో కలిశాడు.

దళంలో అతనికి తోడు లింగస్వామి. చెరువులో చేపలు పట్టే అంజిలయ్య కొడుకు. ఊళ్ళో ఇద్దరూ ఒక చేద నీళ్ళు తాగి ఎరగరు. గుట్టల్లో ఒకే ఆకులో తిన్నారు. పోలీసు చర్య జరిగి నిజాం దిగిపోయాడు, రజాకార్లు పోయారు, పటేలు మాత్రం మిలిటరీ బండ్ల వెనక తన గడీకి తిరిగి వచ్చాడు. దళం గుట్టల్లోనే ఉండిపోయింది. నలభై తొమ్మిది ఎండాకాలంలో లింగస్వామి చనిపోయాడు. నెల తిరక్కముందే ఇశ్రాయేలు దొరికిపోయాడు.

ఇప్పుడు అతను "అవ్" అనీ "కాదు" అనీ తప్ప మాట్లాడటం లేదు. పక్క వాడలో పెళ్ళి డప్పు మోగితే ధాన్యం గుమ్మి వెనక్కి పోయి, తల మోకాళ్ళలో పెట్టుకుంటాడు. దవాఖానలో గోలీలిచ్చారు. పాస్టరు ప్రార్థన చేశాడు. ఎవరో తాయెత్తు కట్టారు.

"తుపాకికి బెదరనోడు తోలుకు బెదిరె" అంటుంది భార్య సుసన్న. "నీ తాత ఈ సంగతి ఇంటే సమాధిల కెల్లి లేసొచ్చి తంతడు."

ఇశ్రాయేలు నవ్వడు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు.

ఒక పొద్దున బాలనర్సమ్మ వచ్చింది. లింగస్వామి తల్లి. ఆ వాడలో ఎన్నడూ అడుగు పెట్టని మనిషి, నేరుగా వచ్చి అతని గడప మీద కూర్చుంది.

"ఇశ్రాయేలూ, నా కొడుక్కు నేను ఇంతవరకు ఏడ్వలే బిడ్డా" అంది.

ఎందుకు ఏడవలేదో ఊరందరికీ తెలుసు. శవాన్ని మిలిటరీ క్యాంపు ముందు పడేసి, ఎవడి కొడుకో చెప్పమన్నారు. నా కొడుకు అన్నవాళ్ళ ఇల్లు కాల్చేవాళ్ళు. ఆ రోజు ఆమె మొగుడు అంజిలయ్య క్యాంపు లోపలే ఉన్నాడు, మోకాలు విరిగి. ఆమె వంగి కొడుకు ముఖం చూసి, "నాకు తెల్వది" అంది. వాళ్ళు నమ్మారు. అంజిలయ్యను వదిలారు. శవాన్ని పేరు లేకుండా కాల్చారు. తెలియదన్న శవానికి ఏ ముఖం పెట్టుకుని ఏడవాలి?

"ఇప్పుడు ఏడుస్త" అంది బాలనర్సమ్మ. "అంగడి దినం. ఆ క్యాంపు ముంగటనే. నువ్వు డప్పు కొట్టాలె. వాడెట్ల పోయిండో చెప్పాలె. అది తెల్వకుంటే నేనేం పాడాలె?"

అక్కడ ఆడవాళ్ళు చావుకు పాడుతూ ఏడుస్తారు, దాన్నే శోకం అంటారు. పోయినవాడు ఏం తిన్నాడు, ఏం అడిగాడు, ఎక్కడ ఒరిగాడు, అన్నీ శోకంలో రావాలి. అబద్ధం పాడితే మూడోనాడు పెట్టిన ముద్దను పిట్ట ముట్టదంటారు. అందుకని శోకంలో తప్పు దొర్లితే తెలిసినవాడు అక్కడికక్కడే దిద్దాలి. దిద్దకపోతే ఆ పాపం వాడిది.

ఇశ్రాయేలు తల అడ్డంగా ఊపాడు.

"చెప్పవా?"

"కాదు" అన్నాడు.

"చెప్పకు" అందామె లేస్తూ. "నాకు తోచింది నేను పాడుత."

వారపు సంత జరిగే అంగడి రోజు అంజిలయ్య కుంటుకుంటూ ముందు నడిచాడు. అతని చేతుల్లో జొన్నసొప్పతో కట్టిన బొమ్మ, దానికి కొత్త ధోతి. శవం దొరకనివాళ్ళకు అలా కట్టడం ఉంది. శవం పడేసిన చోటే, మిలిటరీ పోయాక పోలీసు క్యాంపైన ఆ గేటుకు ఎదురుగా, బొమ్మను పడుకోబెట్టారు. మిరపకాయలు అమ్మేవాళ్ళు గోనెలు పక్కకు జరిపి చోటిచ్చారు. సుసన్న డప్పు కాచి తెచ్చింది. మొగుణ్ణి అడగలేదు. అతను గుంపు వెనక నిలబడి ఉన్నాడు. రానన్నవాడు ఎందుకు వచ్చాడో అతనికే తెలియదు.

బాలనర్సమ్మ ఎత్తుకుంది.

"పదిమందిని పడగొట్టి పండుకున్నవా కొడుకా..."

ఇశ్రాయేలు పళ్ళు బిగించాడు.

"దూపగాక ఆకలిగాక నవ్వుకుంట పోయినవా కొడుకా..."

"కాదు!"

గుంపు వెనక్కి తిరిగింది. అతను ముందుకు వచ్చాడు.

"కాదవ్వా. దూపయింది వానికి. నీళ్ళు అడిగిండు."

"ఎవరినడిగినవ్ కొడుకా..." ఆమె రాగం ఆపలేదు.

"నన్నే అడిగిండు. నేను పొద వెనక ఉన్న. పది బారల దూరం. తుపాకిల తూటా లేదు. మిలిటరోళ్ళు నడుమ నిలబడ్డరు. నేను గొంగడి నోట్ల కుక్కుకున్న. వాడు నన్ను చూసిండు అవ్వా. చూసి, మొఖం అవతలికి తిప్పుకుండు. నన్ను పట్టియ్యొద్దని."

మూడేళ్ళు ఎవరికీ చెప్పని మాట. పాటగా రాలేదు, కానీ ఆమె వదిలిన ప్రతి సందులోనూ సరిగ్గా వచ్చి పడింది. ఆమె దాన్ని అందుకుని శోకంలో కలిపింది. పది బారల దూరాన ప్రాణస్నేహితుడున్నాడని పాడింది, నీళ్ళు లేవని పాడింది, ముఖం తిప్పుకున్నావని పాడింది. అతన్ని ఒక్క మాట నిందించలేదు. గొంతు పగిలేలా ఏడ్చింది. అంజిలయ్య నేల మీద కూలబడ్డాడు.

గేటులోంచి జమేదారు వచ్చాడు. వెనక ఇద్దరు జవాన్లు.

"క్యా హై? ఎవరు సచ్చిండ్రు?"

"నా కొడుకు" అంది బాలనర్సమ్మ. "లింగస్వామి. మూడేండ్ల కింద గీడనే పండవెట్టిండ్రు. తెల్వదన్న. అబద్ధం చెప్పిన. రాసుకో."

"డాకు కోసం ఏడుస్తవా? మజ్మా బంద్ చెయ్, జనాన్ని పంపియ్. డప్పు మోగిందంటే అందర్నీ లోపలేస్త."

అప్పటిదాకా డప్పు మోగనే లేదు. జమేదారే గుర్తు చేశాడు. ఇశ్రాయేలు సుసన్న చేతిలోంచి డప్పు తీసుకుని భుజానికి తగిలించుకున్నాడు. మొదటి దెబ్బ తడబడింది. రెండో దెబ్బకు చెమట కళ్ళలోకి దిగింది. గుమ్మి లేదు దాక్కోవడానికి. చుట్టూ మనుషులు. భయం పోలేదు. భయంతోనే కొట్టాడు. అది చావు దెబ్బ. ఊరి పొలిమేర దాకా ఎవరో ఒకరు పోయారని తెలిసిపోయింది. ఎవరని అడిగినవాళ్ళకు అంగడి చెప్పింది.

"కొట్టు, కొట్టు" అంది సుసన్న. "నీ తాత ఇంటున్నడు."

జవాన్లు అతన్ని లోపలికి ఈడ్చుకుపోయారు. రెండు రోజులు ఉంచారు. మూడో రోజు వదిలారు. బయటికి వచ్చేసరికి పెదవి చిట్లి ఉంది. ఆకలిగా ఉందని, జొన్న గట్క వండమని సుసన్నకు చెప్పాడు. తింటూ ఉప్పు చాల్లేదని కూడా చెప్పాడు.

మళ్ళీ అంగడి రోజు అతను డప్పు తగిలించుకుని పోయాడు. యాచారం నుంచి వచ్చిన అనంతమ్మ అనే మనిషి కూరగాయల గంప పక్కన పెట్టి అతని కోసమే చూస్తోంది.

"అన్నా, మావోడు ఎల్లస్వామి. మీ దళమేనట. మేము గూడ తెల్వదన్నం" అంది. "ఎట్ల పోయిండో చూసినవా?"

"చూసిన" అన్నాడు ఇశ్రాయేలు. "మస్తుగుంది చెప్పాలంటే. జర మెల్లగ పాడక్కా, ఒక్కొక్కటి చెప్త. యాడ కూసుందాం?"

అనంతమ్మ క్యాంపు గేటు వైపు చూసింది. జమేదారు అక్కడే నిలబడి ఉన్నాడు.

"గీడనే" అని కొంగు నడుముకు చుట్టి కూర్చుంది.