యేసుపాదం చూసిన వంకర కర్ర

నిన్న పొద్దున్నే యేసుపాదం భార్య మరియమ్మ ఫోన్ చేసింది. "మీ ఫ్రెండ్ లేవట్లేదు అన్నయ్యా. డాక్టర్ గారొచ్చి అయిపోయిందన్నారు."

నేను నవ్వాను.

"ఇంకోసారి మోసపోను చెల్లెమ్మా. ఫోన్ వాడికివ్వు."

అవతల ఏడుపు. అది యాక్టింగ్ కాదు.

మా యేసుపాదం తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. విస్సన్నపేట వైపు మామిడి తోటల్లో కోత మేస్త్రి. కింద నిలబడే ఏ రసం కాయ ముదిరిందో చెప్పేసేవాడు. నేను బడి మానేసిన దగ్గర్నుంచి వాడి పక్కనే. నా పని కాయలు కోయటం, వాడిని ఏడిపించటం.

ఓసారి కొమ్మకి ప్లాస్టిక్ మామిడికాయ కట్టా. దాన్ని కోయలేక చెమటలు కక్కాడు.

అందుకే ఆ సీజన్లో కాయలు కోసే వెదురు కర్ర మధ్యలో వంగినట్టు కనపడితే నన్నే తిట్టాడు.

"ఒరేయ్ రాంబాబూ, వంకర కర్రకి చిక్కం కట్టిచ్చావేంట్రా!"

కర్ర తిన్నగానే ఉంది. ఒట్టేసినా నమ్మలేదు. నా ఒట్టుకి ఆ మాత్రం వాల్యూ ఉంది మరి.

కర్రలు మార్చాడు. అన్నీ వంకరే.

చివరికి ఎడమ కన్ను మూసి చూస్తే తిన్నగా ఉంది. కుడి కన్ను మూస్తే వంకర.

వెంటనే బండి తీశా.

విజయవాడ తీసుకెళ్లా. చుక్కలేసి, స్కాన్ తీశారు. కంటి వెనక తెరలో సన్న రక్తనాళం మూసుకుపోయిందట. నీరు ఊరి, సరిగ్గా చూపు నిలిచే చోట వాపొచ్చిందట. బీపీ వల్లే అన్నారు డాక్టరమ్మ. ఆలస్యమైతే చూపు తిరిగి రాదు, కంట్లోకే ఇంజెక్షన్ ఇవ్వాలి, ఒక్కదాంతో అవ్వదు అన్నారు.

(గీతలు వంకరగా కనపడితే ఫ్రెండ్స్‌ని తిట్టకండి. కళ్లు చూపించుకోండి.)

కంట్లో సూది అనగానే బాత్రూంలో దాక్కున్నాడు. "మత్తు చుక్కలేస్తారు, నొప్పుండదురా" అంటే, "నువ్వు చెప్తే ఎట్టా నమ్మేది" అన్నాడు. డాక్టరమ్మ చెప్తే బయటకొచ్చాడు.

ప్రతి నెలా నా బండి మీదే వెళ్లేవాళ్లం. తిరిగొచ్చాక తోటలో షెడ్డు ముందు నేను కర్ర పట్టుకుని నిలబడేవాణ్ణి. వాడు కుడి కన్ను మూసి చూసేవాడు.

"ఎట్టుంది?"

"వంకర."

తర్వాత నెల, "కొంచెం వంకర."

ఆ కన్ను పోతే మేస్త్రి పని పోయినట్టే. ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు చాలాసేపు చూసి తల దించేశాడు. "ఇంకా వంగిందిరా."

నేను కర్ర పడేసి, షెడ్డు వెనక్కెళ్లి ఏడ్చా.

వెనక నుంచి ఒకటే నవ్వు. "కర్ర బానే ఉంది. నీ మొహమే వంకర!"

జీవితంలో నన్ను బోల్తా కొట్టించింది ఆ ఒక్కసారే.

నిద్రలో గుండె ఆగిందన్నారు. నిన్న అందరూ ప్రార్థన చేస్తుంటే నేను వాడి పెదాలే చూశా. నవ్వు ఆపుకుంటున్నాడేమోనని.

పెట్టె మూసేదాకా చూశా.

ఇవాళ షెడ్డు ముందు కర్ర పట్టుకుని నిలబడ్డా. ఎట్టుందో చెప్పేవాడు లేడు.

తిన్నగానే ఉందిరా పాదం. ఈసారన్నా నా మాట నమ్ము.

ప్రభువు దగ్గర నిమ్మళంగా పడుకో.