దిండు పెట్టిన చోటు

ఆ వార్డులో ఆవిడను అందరూ గంట సిస్టర్ అంటారు. గంట కొట్టినట్టు గంటకోసారి వచ్చి కట్టు సందులోంచి రోగుల కాళ్ళు చూసి పోతుంది మరి. ముప్ఫై ఏళ్ళ సర్వీసు. ఆవిడ నోటికి జడిసి పెద్ద డాక్టరు కూడా చేతులు రెండుసార్లు కడుక్కుంటాడని కుర్ర నర్సులు నవ్వుకుంటారు. ఇంట్లో మొగుడు జ్వరమని మూలిగితే మాత్రం "తగ్గుతుంది లెండి" అనేసి డ్యూటీకి వచ్చేస్తుంది.

మూడో మంచం మీద ఒక లారీ మెకానిక్. జాకీ జారి మోకాలి కింద ఎముక బయటపడింది. పెద్ద డాక్టరు అతని పిక్క కండను కింది కొసన కోసి, పైకి తిప్పి, ఆ ఎముక మీద కప్పాడు. పై కొసను కదపలేదు. మోకాలి వెనక గుంటలోంచి వచ్చే రక్తనాళమే ఆ కండకు ప్రాణం. అది నొక్కుకుపోతే కండ చస్తుంది, ఆపైన కాలు దక్కడం కష్టం.

ఆపరేషన్ మర్నాడు పొద్దున పదింటికి కండ ఎర్రగా ఉంది. పదకొండింటికి ఊదారంగు తిరిగింది. నెత్తురు సరిగ్గా ఆడటం లేదన్నమాట. సిస్టర్ దుప్పటి లాగితే, మోకాలి వెనక మడిచి దోపిన దిండు.

"ఎవరు పెట్టారిది?"

"నేనేనమ్మా." మంచం పక్కనే కూర్చున్న మెకానిక్ అక్క మొహం పాలిపోయింది. "కాలు ఎత్తులో ఉంచమన్నారు కదా. తమ్ముడు నొప్పికి తాళలేకపోతున్నాడని..."

నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది. ఎత్తులో ఉంచమన్నది తనే. మోకాలి వెనక ఏదీ తగలకూడదని మాత్రం చెప్పలేదు. సిస్టర్ దిండు తీసేసి, కట్టు వదులు చేసి, డాక్టరుకు కబురు పెట్టింది.

ఆయన వచ్చి చూసి పెదవి విరిచాడు. "గంట చూద్దాం. మారకపోతే మళ్ళీ థియేటరుకే. ఎవరి నిర్వాకం ఇది?"

అక్క లేచింది. సిస్టర్ ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది.

"నాదే సార్. చెప్పాల్సింది సగమే చెప్పాను."

డాక్టరు ఆవిడ వంక ఒకసారి చూసి వెళ్ళాడు.

ఆ గంటసేపూ సిస్టర్ మంచం దగ్గర నుంచి కదల్లేదు. ఇన్నేళ్ళ అనుభవం ఏ గంగలో కలిసిందని తనను తనే తిట్టుకుంది. పన్నెండు దాటాక డాక్టరు తిరిగొచ్చి కండను సూదితో చిన్నగా గుచ్చాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ఎర్రటి బొట్టు ఉబికింది.

"అయ్యో, నెత్తురొస్తోందమ్మా!" అక్క ఘొల్లుమంది.

"రానీ తల్లీ, రానీ," అంది సిస్టర్, కళ్ళు తుడుచుకుంటూ.