వేట ఆగిన రోజుల్లో చదరంగం

మొన్న అరసవల్లి రోడ్డులోని మా సెల్ షాపుకి ఒక లెక్కల మాస్టారు పగిలిన స్క్రీన్ మార్పించుకోవడానికి వచ్చి, ఖాళీగా కూర్చోలేక భార్య ఫోనులో చదరంగం ఆడుతూ వరసగా ఓడిపోతుంటే, పని చేస్తూనే ఓరకంట చూసి ఒక ఎత్తు చెప్పాను. ఆయన గెలిచాడు. గెలిచిన మనిషి ఊరుకుంటాడా, ఈ ఆట బాగుపడాలంటే ఏం చెయ్యాలో చెప్పమని పట్టుకున్నాడు. ఓడిన ఆట మళ్లీ చూసుకోండి మాస్టారూ, అని అందరూ చెప్పేదే చెప్పి పంపేశాను. అసలు జవాబు చెప్పడానికి స్క్రీన్ అతుక్కునేంత సమయం చాలదు.

నాకింకా ముప్పై ఐదు నిండలేదు. గతం తవ్వుకునే వయసు కాదని మా ఆవిడ అంటుంది. కానీ కీప్యాడ్ ఫోన్లతో ఇంటర్ గట్టెక్కిన మా తరానికి అప్పుడే గతం అనేది ఒకటి తయారైపోయింది; ఆ ఫోన్లని బాగుచేయించుకోవడానికి కూడా ఇప్పుడెవరూ తేవడం లేదు.

మాది నౌపడ స్టేషన్లో దిగి ఉప్పు మడులు దాటుకుని వెళ్తే వచ్చే సముద్రపు ఊరు. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు సర్కారు వేట ఆపేస్తుంది. పడవలన్నీ ఇసక మీదికి లాగేసి, మగాళ్లంతా వలలు బాగుచేసే పేరుతో తాటాకు పాకలో చేరి, వలలు పక్కన పెట్టి చదరంగం వేసేవారు. పాత పడవ చెక్క మీద బొగ్గుతో గీసిన గళ్లు, ఒక పక్షానికి గవ్వలు, రెండో పక్షానికి వలకి కట్టే బెండు ముక్కలు, గుర్రాలనుకోవలసిన సోడా మూతలు. ఆడేది ఇద్దరని పేరే గాని, చుట్టూ చేరినవాళ్లంతా ఆడేవారు. గుర్రం ఎత్తరా అని ఒకడంటే, ఎత్తితే ఒంటె పోతాది అని ఇంకొకడు, పోతే పోనీ నీ అబ్బదేటి అని మూడోవాడు. ఆ గోలలో ఓడిపోయినవాడికి సిగ్గు ఉండేది కాదు, ఎందుకంటే ఓడింది తనేనని ఎవరి దగ్గరా రుజువు ఉండేది కాదు.

మా పాకలో ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకటే మాట. ఎదుటివాడి మంత్రి మీదికి వెళ్లినప్పుడు నోరు తెరిచి చెప్పాలి. ‘మంత్రి సూసుకో’ అనాలి. అనకుండా తీసేస్తే ఆ మంత్రిని తిరిగి పెట్టించి, తీసినవాడి ఎత్తు రద్దు చేసేవారు. సముద్రం మీద ఇంకొకడి వల పక్కన వల దించేటప్పుడు కేక వెయ్యకపోతే ఎలాంటి తప్పో ఇదీ అలాంటిదేనని మా మేనమావ చెప్పేవాడు. ఆ పాకలో ఆయనని మించిన ఆటగాడు లేడు. ఆ సంగతి కూడా ఎక్కువగా ఆయనే చెప్పేవాడు.

ఇక నా దరిద్రం సంగతి. అలల పక్కన పుట్టిన నాకు సముద్రం పడదు. పడవ నాలుగు అలలు దాటితే చాలు, కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేది. చేపలకి మేత ఏస్తన్నాడ్రా అల్లుడు, అనేవాడు మావ. నానమ్మ దిష్టి తీసింది, అమ్మ నిమ్మకాయలిచ్చింది, నేను నిమ్మకాయలతో సహా కక్కాను. ఇంటర్ మార్కులొచ్చిన వేసవిలో అయ్య ఆ కాగితం వైపు చూసి, ఎవరో పోయినప్పుడు కూర్చున్నట్టు గుమ్మంలో కూర్చుని, వేట మొదలవగానే పెదనాన్నతో గుజరాత్ బోట్లకి వెళ్లిపొమ్మన్నాడు. మా ఊళ్లో సగం మంది అక్కడే కూలికి వేటాడతారు. ఒకసారి బోటెక్కితే వారాల తరబడి ఒడ్డు కనపడదు. నాకు అయ్య మీద కోపం రాలేదు. ఆయనకీ వేరే దారి కనపడలేదు. కానీ ఆ వారాలన్నీ పడవ అంచు పట్టుకుని వేలాడే నన్ను నేను ఊహించుకుని, చచ్చిపోదామా అనుకుని, దానికీ మా ఊళ్లో సముద్రమే దిక్కని గుర్తొచ్చి మానుకున్నాను.

కాలేజీలో ఆటల మాస్టారు ఒక దారి చూపించారు. జిల్లా చదరంగం జట్టులోకి ఎంపికైతే విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో ఆటల కోటా కింద సీటు, హాస్టలు. ఎంపిక శ్రీకాకుళంలో, సరిగ్గా వేట మొదలయ్యే ముందర. ఆయన నా పేరు పంపడానికి కారణం నా ప్రతిభ కాదు, మిగతా ఆటలన్నిటికీ పరిగెత్తాలి.

అప్పటినుంచి నా బతుకంతా ఆ చెక్క మీదికొచ్చింది. లైబ్రరీలో ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికితే, దాంట్లో గళ్లకి అక్షరాలూ అంకెలూ ఉన్నాయని మా చెక్క అంచున కూడా బొగ్గుతో రాసుకున్నాను. సాయంత్రానికి పాకలో జనం వాటి మీద కూర్చుని పంచెలకి అంటించుకుని వెళ్లిపోయారు. నాతో నేనే ఆడుకుని రెండు వైపులా ఓడిపోయాను. తలకాయ తింటే తలకాయ పెరుగుతాదని అమ్మ రోజూ చేప తలకాయల పులుసు పెట్టింది. వేట లేని కాలం కదా, దొరికేవి ఎండు తలకాయలే. ఫలితమూ అలాగే ఉంది.

చివరికి సిగ్గు విడిచి మావ కాళ్ల మీద పడినంత పని చేశాను. ఆయన నన్ను పాకకి దూరంగా, ఎవరూ రాని చోట, ఇసక మీద బోర్లించిన పడవ చాటుకి తీసుకెళ్లి చెక్క పరిచాడు. మొదటిసారి నా చుట్టూ ఎవరూ లేరు. చెయ్యి గుర్రం మీదికి వెళ్లి ఆగిపోయింది. వెనకనుంచి ఎవరైనా తిడతారేమోనని ఎదురుచూశాను, గాలి తప్ప ఏమీ వినపడలేదు. వరసగా ఓడిపోయాను. ఇన్నాళ్లూ నువ్వు ఆడలేదురా అల్లుడా, నీ సెయ్యి ఆడింది, అన్నాడు మావ. అంతకంటే మర్యాదగా నన్నెవరూ అవమానించలేదు.

ఆయన నేర్పింది ఒకటే. ‘నువ్వేటి సేత్తావో తరవాత. ముందు ఎదటోడు ఏటి సూస్తన్నాడో సూడు.’ ఎండలో, ఉక్కలో, చేపల వాసనలో, ఆయనకి విసుగొచ్చి లేచిపోయేదాకా ఆ మాటే. మెల్లమెల్లగా నాకు ఎదుటివాడి ఆలోచన కనపడటం మొదలైంది, ఒకరోజు మావనే ఓడించాను. ఆయన చెక్క ఎత్తుకుని ఇంటికి పోయాడు. పులుసు మానెయ్యమని అమ్మకి చెప్పొచ్చేమో అనిపించింది.

శ్రీకాకుళంలో ఆ హాలు ఆస్పత్రిలా ఉంది. అందరూ తలలు దించుకుని కూర్చున్నారు, గడియారాలు తప్ప ఎవరూ మాట్లాడరు. నేను గెలిచాను, మళ్లీ గెలిచాను. ఆఖరి ఆట మిగిలింది; అది గెలిస్తే జట్టులో ఉంటాను. ఎదురుగా బూట్లు వేసుకున్న పట్నం కుర్రాడు, మంచి ఆటగాడు, నా రాజు మీదికి దండెత్తి వస్తున్నాడు. చూపంతా అటే ఉంది. నేను ఒక బంటుని ముందుకి జరిపాను. దాంతో వెనక మూల ఉన్న నా ఒంటెకి దారి తెరుచుకుని, ఆ దారి చివర అతని మంత్రి నిలబడి ఉంది. అతను చూడలేదు. గడియారంలో అతనికి సమయం తక్కువ. ఇంకొక్క ఎత్తు. హాస్టలు, మంచం, కదలని నేల, అన్నీ ఆ ఒక్క ఎత్తు అవతల ఉన్నాయి.

నా నోరు ‘మంత్రి సూసుకో’ అంది.

అనాలని అనలేదు. తుమ్ములా వచ్చేసింది. అతను తలెత్తి నన్ను చూశాడు, చెక్క చూశాడు, మంత్రిని పక్కకి తీసుకున్నాడు. అంపైరు వచ్చి ఆటలో మాట్లాడినందుకు నన్నే మందలించి వెళ్లాడు. తరవాత కాసేపటికి ఆ కుర్రాడు నా మంత్రి మీదికి వచ్చాడు, ఏమీ అనలేదు. అనకపోతే లేనట్టేనని నా బుర్రలో ఏ మూలో ఉండి ఉంటుంది, నేను వేరే వైపు చూసుకుంటున్నాను. అతను నా మంత్రిని తీసి బల్ల మీద పెట్టుకున్నాడు. తిరిగి పెట్టమని అడగడానికి నోరు తెరిచి, పాకలో లేనని తెలిసి, మూసుకున్నాను. ఆ పైన జరిగింది ఆట కాదు, సాగనంపడం.

బయట చెట్టుకింద మావ వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. జరిగింది చెప్పాను. సెప్పీసినావేటి, అన్నాడు. చెప్పేశానన్నాను. తిడతాడని నిలబడ్డాను. ఆయన చేతిలో గింజలు అలాగే ఉండిపోయాయి. ‘మరి సెప్పకుండా ఎలాగ తీత్తావు’ అన్నాడు, ఎవరినో అడుగుతున్నట్టు. బస్సులో దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఓడింది నేను, ఏడ్చింది ఆయన. ఆ పని కూడా నాకు మిగల్లేదు.

గుజరాత్ వెళ్లాను. ఊహించుకున్నదానికంటే ఎక్కువ కక్కాను. వల లాగే పని లేని వేళల్లో ఒక మూల ముడుచుకుని, తల తిప్పితే కడుపు తిరుగుతుందని కళ్లు మూసుకుని, బుర్రలోనే గళ్లు గీసుకుని రెండు వైపులా ఆడుకునేవాడిని. మాస్టారికి చెప్పని జవాబు ఇదే: ఎవరూ లేని చోట, పారిపోవడానికి వీల్లేకుండా, ఏళ్ల తరబడి కూర్చోవాలి. అలా నాకు ఆట వచ్చింది. సముద్రం మాత్రం అలవాటు కాలేదు. నా జబ్బు చూడలేక చివరికి బోటువాళ్లే నన్ను ఒడ్డుకి పంపేస్తే, శ్రీకాకుళం వచ్చి సెల్ రిపేరు నేర్చుకున్నాను.

మొన్న వేట ఆగినప్పుడు ఊరెళ్లాను. పాకలో జనం ఉన్నారు, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. ఒకడి పక్కన ఒకడు కూర్చుని కూడా ఎవరి ఆటలోనూ ఎవరూ వేలు పెట్టడం లేదు. నేను చేరి మాట కలపబోతే, ఒక్క నిమిషం ఆగు బావా, అన్నాడు ఒకడు తలెత్తకుండా. మావకి మోకాళ్లు పోయాయి, ఇంటి అరుగు మీదే ఉంటున్నాడు. ఎప్పుడు వెళ్లినా అడిగే మాటే అడిగాడు: ఇప్పుడైతే ఆ పట్నం గుంటడిని గెలుద్దువేట్రా? గెలుస్తానన్నాను. అబద్ధం కాదు, ఇప్పుడైతే సునాయాసంగా గెలుస్తాను. ఆయన మొహం వెలిగింది. కాసేపే. ఆ ఆట మళ్లీ రాదని ఇద్దరికీ తెలుసు. లోపలినుంచి అత్త అన్నానికి పిలుస్తున్నా, ఇద్దరిలో ఎవరూ లేవలేదు.