సాపుతారా చేరని వానజాకెట్టు

గుజరాత్‌లో కొండ మీది ఊరు సాపుతారా ఎలా ఉంటుందో తెలుసుకుందామని ఈ పేజీకి వచ్చినవాళ్ళకి ముందే చెప్పడం మర్యాద: నేను సాపుతారా చూడలేదు. దానికి ముప్పై అయిదు కిలోమీటర్ల ఇవతల, ఘాట్ రోడ్డు మీద, వానలో ఆగిపోయి వెనక్కి వచ్చేశాం. అయినా రాస్తున్నాను. సూరత్ నుంచి వానాకాలంలో సైకిలు మీద అటు వెళ్ళాలనుకునేవాళ్ళు ఏటా కొందరుంటారు. వాళ్ళ వెనక కారులో సుఖంగా కూర్చుని వెళ్ళే నాలాంటివాళ్ళూ ఉంటారు. దారి వివరాలు మొదటివాళ్ళకి, మిగతాది రెండోవాళ్ళకి.

సైకిలు నాది కాదు, మా కోడలు మాధవిది. సూరత్ పక్కనున్న హజీరాలో ఇంజనీరు. మా అబ్బాయీ అక్కడే చేస్తాడు, సూరత్‌లో ఆల్థాన్ అనే పేటలో కాపురం. నేను రాజమండ్రిలో ముప్పై ఏళ్ళు హైస్కూలు పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పి, మనవరాలు పుట్టినప్పుడు మూడు నెలలుండి పోదామని వచ్చాను. ఆ మూడు నెలలు మొదలై ఇప్పటికి పదకొండేళ్ళు. మాధవి నలభై దాటాక సైకిలు పట్టింది. వాళ్ళ బృందం ఏటా ఆగస్టులో సూరత్ నుంచి సాపుతారా వెళ్తుంది. నూట అరవై కిలోమీటర్లు, సాయంత్రం అయిదు లోపు కొండెక్కాలి. కిందటేడు తను దారిలో వాంస్దా దగ్గరే ఆగిపోయింది. మూడు వందల రూపాయల ప్లాస్టిక్ రెయిన్‌కోటు వానని బయటే ఆపింది గానీ చెమటని లోపలే ఆపింది. పైన వాన, లోపల చెమట, మధ్యలో వణికే మనిషి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి మాట్లాడకుండా పడుకుంది. ఈసారి మాత్రం పైకి చేరాలని దీపావళి నుంచి రోజూ తెల్లవారుజామున తాపీ నది ఒడ్డున తొక్కింది.

జాకెట్టు కొనడానికి రెండు నెలలు పట్టింది. నీళ్ళు లోపలికి రాకూడదు, చెమట ఆవిరి బయటికి పోవాలి. కుట్లన్నిటికీ లోపలివైపు పట్టీ అంటించి ఉండాలి, లేకపోతే ప్రతి కుట్టూ ఒక తూటే. ముందుకి వంగి తొక్కుతారు కాబట్టి వెనకభాగం నడుము దిగి పొడుగ్గా ఉండాలి. చంకల కింద జిప్పు, మసక వెలుతురులో లారీవాడికి కనిపించే రంగు. ఇవన్నీ రోజూ భోజనాల దగ్గర విన్నాను. చివరికి నారింజరంగుది ఒకటి తొమ్మిది వేలు పెట్టి కొంది. ఇంట్లో చుట్టాలున్నారు. వాళ్ళ ముందే అన్నాను, "బరబరమనే ఈ రేకు చొక్కాకి తొమ్మిది వేలా? ఆ డబ్బుతో వానే కొనుక్కోవచ్చు." అందరూ నవ్వారు. మాధవీ నవ్వింది. తర్వాత పదిరోజులు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది.

దాన్ని చూసుకునే తీరు కూడా నాకు వేళాకోళంగానే ఉండేది. చల్లనీళ్ళు, రెండు చుక్కల ద్రవం సబ్బు. పౌడరు వద్దు, మెత్తదనానికి వాడే ద్రవం అసలే వద్దు, అది గుడ్డ మీది పూతని పాడుచేస్తుందట. పిండకూడదు, నీడలో వేలాడదియ్యాలి, తడిగా మడత పెట్టకూడదు. "బాలింతరాలి బిడ్డకి కూడా ఇంత స్నానం చెయ్యలేదే" అన్నాను. అదీ జమ అయింది.

నాకు తప్పు ఒప్పుకోవడం నోటితో రాదు, చేత్తో వస్తుంది. మా ఆయన బతికున్నప్పుడు గొడవైతే మర్నాడు పెసరట్లు వేసేదాన్ని, ఆయన తినేవారు, అంతటితో సరి. కోడలితో పెసరట్లు పనిచెయ్యవు, ఆవిడ పొద్దున ఓట్సు తింటుంది. మా ఇంట్లో కొత్త గిన్నె వస్తే పేరు చెక్కించకుండా పొయ్యి ఎక్కించేవాళ్ళం కాదు. వస్తువు మీద పేరు వేయించడమంటే ఇది నీది, నీకు తగినదే అని చెప్పడం. పైగా ఉంటున్నది సూరత్‌లో, ఏ సందులో చూసినా ఎంబ్రాయిడరీ మెషిన్లే. ప్రయాణానికి మూడు రోజుల ముందు, మాధవి ఆఫీసుకి వెళ్ళాక, జాకెట్టు సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కి ఖటోదరా వెళ్ళాను.

మెషిను యజమాని గుడ్డని వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇక్కడివాళ్ళు అమ్మని పిలిచినట్టు నన్ను పిలిచి, హిందీలో అన్నాడు, "బా, ఇది వానకోటు. సూది దింపితే నీళ్ళు లోపలికి పోతాయి."

"నేను ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పాను. నీళ్ళ సంగతి నాకు తెలుసు, నువ్వు కుట్టు," అన్నాను.

అతను గుడ్డని ఫ్రేములో బిగించాడు. వీపు మీద జానెడు మేర, తెలుగు అక్షరాల్లో మాధవి అని, చుట్టూ తెల్లటి తీగ. అరగంటలో అయింది, రెండు వందల యాభై తీసుకున్నాడు. సాయంత్రం మాధవి చేతికిచ్చాను. లోపలివైపుకి తిప్పి చాలాసేపు చూసింది. పనితనం చూస్తోందనుకున్నాను. "చాలా బాగుంది అత్తయ్యా," అంది. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

బృందంలో ఎనిమిదిమంది. మా అబ్బాయికి ఆదివారం డ్యూటీ పడింది కాబట్టి వెనక కారులో నేను వెళ్తానన్నాను. "మీకెందుకు అత్తయ్యా శ్రమ," అని మాధవి రెండుసార్లు అంది. నా మీద దయ అనుకున్నాను. కారు మల్లేశానిది. వాళ్ళ పెద్దలు తెలంగాణ నుంచి వచ్చి సూరత్ శివారు వడోద్‌లో స్థిరపడ్డ నేతవాళ్ళు. అతనూ పద్నాలుగేళ్ళు మరమగ్గం మీద పనిచేసి, చెవులు హోరెత్తిపోతున్నాయని మానేసి కారు కొనుక్కున్నాడు. రోజుకి నాలుగున్నర వేలు, డీజిలు అందులోనే.

పొద్దున అయిదింటికి బయలుదేరాం. సచిన్ మీదుగా నవసారి, అక్కణ్ణుంచి హైవే మీద చీఖ్లీ. ఈ ముక్కలో లారీలు ఎక్కువ, సైకిళ్ళవాళ్ళు అంచునే ఉండాలి. చీఖ్లీలో ఎనిమిదిన్నరకి టీ, పదిహేను రూపాయలు, అల్లం బాగా దంచి వేశాడు. అక్కడ హైవే వదిలి ఎడమకి తిరిగితే వాంస్దా, వాఘై దారి. లారీలు తగ్గి చెట్లు మొదలవుతాయి. వానా అక్కడే మొదలైంది.

"ఏందమ్మా, గింత వానల తొక్కుతదా మేడం?" అన్నాడు మల్లేశం వైపర్ వేస్తూ. "నేనైతే గిట్ల అద్దం కూడ దించ."

"ఆవిడకి తొమ్మిది వేల జాకెట్టుంది," అన్నాను. చూడండి, వీలు చిక్కగానే గొప్ప చెప్పుకున్నది నేనే.

ముందు నారింజరంగు వీపు, దాని మీద తెల్లగా పేరు. అద్దం మీద నీళ్ళు కారుతున్నా చదవగలుగుతున్నాను. వాంస్దా దాటేటప్పుడు మాధవి చెయ్యెత్తి ఊపింది. కిందటేడు ఆగిన చోటు అది. నాకు గర్వంగా అనిపించింది, ఆ పేరు కుట్టించినందుకు కూడా.

వాఘై చేరేసరికి పదకొండూ ముప్పావు. బస్టాండు దాటాక ఒకావిడ పూరింట్లో భోజనం పెడుతుంది. నాగ్లీ రొట్టెలు, అంటే మన చోడిపిండి రొట్టెలే, మినప్పప్పు, పచ్చిమిరపకాయల నూరుడు, నూట ఇరవై రూపాయలు. రొట్టె చేత్తోనే తట్టి మట్టిపెనం మీద వేస్తుంది. వెళ్ళేవాళ్ళు తప్పకుండా తినండి. మాధవి మాత్రం సగం రొట్టె తిని ఆపేసింది. పెదవులు నల్లబడి ఉన్నాయి. ఆ వంటావిడ పొయ్యి పక్కకి పీట జరిపి, తువ్వాలు తెచ్చి తుడవబోయి ఆగింది. "ముందంతా పొడి, వెనకంతా తడి. ఇదేం కోటమ్మా?" అంది గుజరాతీలో.

మల్లేశం వచ్చి వీపు మీది కుట్టుని బొటనవేలితో నొక్కాడు. నీళ్ళు కారాయి. "సూదిపోటు వడ్డదమ్మా దీనికి. బొక్కబొక్కకు దారమున్నది. గా దారం పట్టుకొనే నీళ్ళు లోపటికి వోతున్నయి. గుడ్డ మంచిదే గని, ఎవరో ఆగం చేసిన్రు."

ఆ ఎవరో అక్కడే చేతిలో రొట్టెముక్కతో కూర్చుని ఉంది. ఒత్తి నూనె పీల్చినట్టు దారం నీళ్ళు పీలుస్తుందని నేను ఎన్ని తరగతులకి బల్ల మీద గ్లాసు పెట్టి చూపించానో లెక్కలేదు. కేశనాళికీయత అని బోర్డు మీద రాసి, రెండుసార్లు కింద గీత కూడా గీసేదాన్ని.

"అదేం లేదు అత్తయ్యా," అంది మాధవి నా మొహం చూసి. "చెమట. ఇంతదూరం తొక్కితే అందరికీ పడుతుంది."

ఆ అబద్ధం నాకు కావలసి వచ్చింది, తీసుకున్నాను. తప్పు నాదేనని ఆ పొయ్యి దగ్గర చెప్పి ఉండవచ్చు. పైన ఇంకేదైనా కప్పుకోమని అని ఉండవచ్చు. నేనన్న మాట, "త్వరగా తిను, అయిదు దాటిపోతుంది."

వాఘై దాటాక ఘాట్ ఎక్కడం మొదలు. పొగమంచు, వెదురు, మలుపు మలుపుకీ చల్లగాలి. పదిహేను కిలోమీటర్లు వెళ్ళేసరికి మిగతా ఏడుగురూ కనిపించకుండా ముందుకి వెళ్ళిపోయారు. ఒకటింబావుకి ఒక చిన్న దిగుడులో మాధవి సైకిలు అటూ ఇటూ ఊగి, రోడ్డు పక్క మట్టిలోకి వెళ్ళి నిలిచింది. మేం దిగి వెళ్ళేసరికి రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నించుని ఉంది. "వేళ్ళు ముడుచుకోవడం లేదు. బ్రేకు పట్టలేకపోతున్నాను," అంది. దిగుడు చివర లోయ.

"చాలు మేడం, జర బండ్ల కూసోండ్రి," అని మల్లేశం సైకిలు తీసుకుని డిక్కీ తెరిచాడు. చోటు కోసం మాధవి బ్యాగు పక్కకి జరిపాడు. దాని పైజేబులోంచి మడతపెట్టిన ప్లాస్టిక్ బయటికి జారింది. "ఏందిది? రెయిన్‌కోటు ఈడనే ఉన్నది గద మేడం. జాకిట్ మీదికెల్లి ఏసుకుంటే అయిపోవు గద."

మాధవి వెళ్ళి వెనకసీట్లో కూర్చుంది. కారెక్కాక తువ్వాలు కప్పి, వేళ్ళు నా రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ అడిగాను, "నీళ్ళు వస్తాయని ఎప్పుడు తెలిసింది?"

"మీరు ఇచ్చిన రోజే. ఆ కుట్టుకి లోపల పట్టీ లేదు కదా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే మీరేమంటారో కూడా తెలుసు అత్తయ్యా."

"సరే, నాకు చెప్పకు. దారిలో ఆ రెయిన్‌కోటు వేసుకోవచ్చుగా."

"పేరు కనబడకుండా పోతుంది. మీరు వెనకే వస్తున్నారు కదా."

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది, నాకు కోపంతో మాట్లాడటం వచ్చు. మల్లేశం అద్దంలో చూడకుండా రోడ్డు చూస్తున్నాడు. "అమ్మా, మీదికి వోదమా? ముప్పై అయిదే ఉన్నది," అన్నాడు.

"వద్దు," అంది మాధవి. "కారులో చూడను."

వెనక్కి తిరిగాం. సాయంత్రం ఆరున్నరకి ఆల్థాన్ చేరాం. మిగతా ఏడుగురి ఫోటో కొండ మీంచి నాలుగున్నరకే వచ్చింది, మాధవి ఫోను చూసి, బాగుందని అందరికీ పెట్టింది.

మర్నాడు ఖటోదరా వెళ్ళి దారాలు విప్పగలరా అని అడిగాను. విప్పినా తూట్లు పోవన్నాడు ఆ యజమాని. నేను చెప్పానుగా అని అనలేదు. ఆయన స్థానంలో నేనుంటే అనకుండా ఉండేదాన్ని కాదు. లోపలినుంచి పట్టీ వేడిచేసి అంటించవచ్చుగానీ, అంత వెడల్పున అంటిస్తే ఆ చోట గాలాడదట. అదీ చేయించాను, ఈసారి మాధవిని అడిగే. "మీ ఇష్టం అత్తయ్యా," అంది. వచ్చే ఏడాది వెళ్తావా అని అడిగితే, "చూద్దాం," అంది. తెల్లవారుజామున తాపీ ఒడ్డుకి వెళ్ళడం మానేసింది. నేను లేచేసరికి సైకిలు బాల్కనీలోనే ఉంటోంది.

ఆ జాకెట్టు పోయినందుకు కాదు నా విచారం, అది మళ్ళీ కొనుక్కోవచ్చు. ఒక మనిషి చలికి వేళ్ళు కొయ్యబారేదాకా ఓర్చుకుంది గానీ నాకు ఒక్క మాట చెప్పడానికి సాహసించలేదు. పదకొండేళ్ళుగా నా వంటని, నా చీరల ఎంపికని, మనవరాలికి నేను చెప్పే పాఠాలని బాగున్నాయంటూనే ఉంది. అందులో ఎన్ని నిజమో ఇప్పుడు కనుక్కునే దారి లేదు. నిన్న చారు పోసుకుని బాగుంది అత్తయ్యా అంది. నేను గరిటె పట్టుకుని అలాగే నించున్నాను. ఉప్పు ఎక్కువైందని నాకు తెలుసు.

ఇక ప్రయాణానికి పనికొచ్చే సూచన ఒక్కటే. వానజాకెట్టు మీద సూది దించకండి. పిన్నీసు కూడా గుచ్చకండి. పేరు కావాలంటే మెడ దగ్గర లోపలి పట్టీ మీద పెన్నుతో రాసుకోండి. బయలుదేరే ముందురోజు దాన్ని ఒక గిన్నె మీద పరిచి, గ్లాసుడు నీళ్ళు పోసి పావుగంట ఆగి, గిన్నె అడుగున వేలు పెట్టి చూడండి. జాకెట్టు వేరేవాళ్ళదైతే ఏం చెయ్యాలనుకున్నా ముందు వాళ్ళని అడగండి. అడిగాక, వాళ్ళు నిజం చెప్పేదాకా నోరు కట్టుకుని కూర్చోండి.