మంగళవారం సెలవు

ఈ అరబ్బు దేశంలో వారమంతా బళ్ళో లెక్కలు చెప్పి, సెలవు రోజైన శుక్రవారం పొద్దున జింజ్ పేటలోని మా ఫ్లాటులో తెలుగు పిల్లలకు తెలుగు చెబుతాను. హాల్లో చాప పరిచి, మా వారి టీవీకి నా లాప్‌టాప్ తగిలిస్తాను. క్రికెట్ ఉన్న శుక్రవారాల్లో ఆయన మొహం చూడాలి! ఫోను పట్టుకుని పడగ్గదిలోకి పోయి, అక్కణ్ణుంచే అయ్యో అని అరుస్తుంటారు.

మొదట్లో పలకలతో, ఊరి నుంచి తెచ్చిన వాచకాలతో లాక్కొచ్చాను. పిల్లలు నా మొహం మీదే ఆవులించేవాళ్ళు. అలాంటప్పుడు నెట్‌లో టీచర్ల కోసం ఉచితంగా పెట్టిన ఆటలు కంటపడ్డాయి. గిర్రున తిరిగే చక్రం మీద పిల్లల పేర్లు రాసుకోవచ్చు. ఎవరి పేరు దగ్గర ఆగితే వాళ్ళు చదవాలి. బొమ్మకూ మాటకూ జత కలిపే ఆటలున్నాయి. మా వాళ్ళకు ప్రాణం మాత్రం క్విజ్. ప్రశ్న టీవీలో వస్తుంది, పిల్లలు చేతిలోని పాత ఫోన్లలో గడి నొక్కుతారు. ఒప్పయితే పచ్చ, తప్పయితే ఎరుపు. నాకు గొంతు చించుకునే పని తప్పింది. ఎక్కడెక్కడి టీచర్లో తయారుచేసి పెట్టినవి ఎవరైనా వాడుకోవచ్చు. ముక్కూ మొహం తెలియని ఆ టీచరమ్మలంటే నాకు సొంత అక్కచెల్లెళ్ళంత ప్రేమ.

ఒక అమ్మాయి మాత్రం నోరు విప్పేది కాదు. తల్లి సల్మానియా ఆసుపత్రిలో నర్సు. శుక్రవారం ఆమెకు డ్యూటీ కనక పక్క ఫ్లాటు వాళ్ళ కారులో పంపేది. ఆ పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని గడులు నొక్కేది, అంతే. చక్రం తన పేరు దగ్గర ఆగితే తల దించుకునేది. ఒక గురువారం తల్లి ఫోన్ చేసింది.

"ఇంట్లో నాతో బాగానే మాట్లాడుద్దండీ. అక్కడికొస్తేనే బిగుసుకుపోతంది. రేపొక్క రోజు చూడండి మేడం, అప్పటికీ కాదంటే మానిపించేస్తాను. ఏడిపించి పంపడం నాకూ ఇష్టం లేదు."

నాకు ఉక్రోషం వచ్చింది, బాధా వేసింది. కథ చెబుతుంటే ఆ పిల్ల కళ్ళు ఎలా వెలుగుతాయో వారం వారం చూసేదాన్ని నేను. వదులుకోవడం నాకు సుతరామూ ఇష్టం లేదు.

మర్నాటికి వారాల పేర్ల మీద క్విజ్ ఎంచుకున్నాను. మన దేశంలో ఎవరో టీచరమ్మ ముచ్చటగా చేసింది. అక్షరాల్లో తప్పులున్నాయేమోనని చూశాను గానీ, జవాబుల జోలికి పోలేదు. వారాల పేర్లలో ఏం తప్పుంటుంది? "అమ్మానాన్నలకు సెలవు ఏ రోజు?" అన్న ప్రశ్న వచ్చింది. పిల్లలు టక్కున శుక్రవారం నొక్కారు. టీవీ నిండా ఎరుపు. సరైన జవాబు ఆదివారమట! ఇక్కడ ఆదివారమంటే సంచీ భుజాన వేసుకుని ఏడుపు మొహంతో బడికి పోయే రోజు. హాలు దద్దరిల్లింది.

"చీటింగ్ ఆంటీ! ఆదివారం స్కూలుంది కదా!"

మా వారు కూడా మ్యాచ్ వదిలేసి బయటికొచ్చారు. తీరా చూస్తే ఒకే ఒక్క జవాబు మంగళవారం మీద పడి ఉంది. ఎవరని అడిగేలోపే గోడ దగ్గర్నుంచి గొంతు వినిపించింది.

"శుక్రవారం కూడా తప్పే ఆంటీ. మా అమ్మకి మంగళవారం సెలవు. నేను స్కూల్నించి వచ్చేసరికి ఇంట్లోనే ఉంటది. పూరీలు చేస్తది."

"కూరేంటి?" అన్నాడు పక్కనున్న బుడతడు.

"బంగాళాదుంప," అంది పిల్ల, ఎప్పుడూ మాట్లాడుతున్నట్టే.

సంతోషం పట్టలేక నేను అనవసరంగా లాప్‌టాప్ వైరు సర్దుతూ నిలబడ్డాను. ఆ సాయంత్రం తల్లికి ఫోన్ చేసి, మానిపించారంటే ఊరుకోనని బెదిరించాను. క్విజ్‌లు అరువు తెచ్చుకోవడం కూడా ఆపేశాం. అవే సైట్లలో ఎవరి ప్రశ్నలు వాళ్ళు తయారుచేసుకోవచ్చు కదా! వారానికి ఒకరు ప్రశ్న పెట్టాలన్నాను.

కొన్ని వారాలకు ఆ పిల్ల వంతు వచ్చింది. లాప్‌టాప్ లాక్కుని, నన్ను అటు తిరగమని, జవాబు తనే పెట్టుకుంది. టీవీలో ప్రశ్న పడింది. "మా అమ్మకు సెలవు ఏ రోజు?"

అందరూ నవ్వుతూ మంగళవారం నొక్కారు. మళ్ళీ టీవీ నిండా ఎరుపు!

"అందరూ ఓడిపోయారు! అమ్మ డ్యూటీ మార్పించుకుంది. ఇంక శుక్రవారమే!" అని అరుస్తూ పోయి తలుపు తీసింది. బయట తల్లి పూరీల డబ్బాతో నిలబడి ఉంది.

"కాసేపు కూర్చోవచ్చా అండీ? దీని గొంతు ఇక్కడ ఎట్టుంటదో విందామని."

ఆమె వెళ్ళి గోడకు ఆనుకుని, కూతురు ఇన్నాళ్ళూ కూర్చున్న చోట కూర్చుంది. కూతురేమో చాప మీద అందరికంటే ముందుకు జరిగి, చక్రం తిప్పమని నా ప్రాణం తీస్తోంది.